నాలుగు మూకుళ్ల నీళ్లు

పొద్దు పొడవకముందే వెంకటవ్వ రాత్రి నానబెట్టిన తునికాకును గోనెపట్టలోంచి తీసి, నీళ్లు దులిపి, అరుగు మీద పోసుకునేది. కత్తెర, కొలతకు పెట్టుకునే రేకు ముక్క, దారం ఉండ, తంబాకు పోసిన చాట, అన్నీ చుట్టూ సర్దుకునేసరికి ఎదురింటి రుక్మాబాయి తన చాటను నడుముకు ఆనించుకుని వచ్చి పక్కన కూర్చునేది. ఇద్దరికీ అటూ ఇటూగా అరవై రెండేళ్లు. ఇద్దరూ మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్లే. ముప్పై ఏళ్లకు పైగా అదే అరుగు మీద బీడీలు చుడుతున్నారు. వాళ్ల వీపులు ఆనిన చోట గోడ సున్నం నల్లబడి పక్కపక్కనే రెండు మచ్చలు పడ్డాయి. పొరపాటున ఒకరి మచ్చ దగ్గర ఇంకొకరు కూర్చుంటే ఆ రోజు బీడీ సరిగ్గా కుదిరేది కాదు.

ఆ గల్లీ బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ వెనక ఉంది. అక్కడి చీమల సంగతి కొత్తవాళ్లకు ముందే చెప్పడం మంచిది. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో చీమలకు రోజూ పండుగే. చెరుకు బండ్లు పోయిన దారంతా తీపి, కాలువలో పారే నీళ్లు తీపి, గాలి కూడా తీపే. కానీ ఎంత ఇష్టమైన తిండైనా మూడు పూటలా పెడితే మొహం మొత్తదా? నాలుగైదేళ్లకు వాటికి చక్కెరంటే వెగటు పుట్టింది. బెల్లం గడ్డ ఎదురుగా పెట్టినా పక్క నుంచి పోయేవి. చక్కెర కంటే తియ్యనిది లోకంలో ఇంకొక్కటే ఉంది, అది తియ్యటి అబద్ధం. ఎవరైనా మాటకు తేనె పూసి అబద్ధం ఆడితే చాలు, చీమలు గోడ మూలల్లోంచి బారు కట్టి వచ్చి వాళ్ల కాళ్లెక్కేవి. భయపడి ఆడిన అబద్ధాన్ని, కోపంతో ఆడిన అబద్ధాన్ని అవి ముట్టేవి కావు. వాటిలో తీపి ఎక్కడిది?

గల్లీవాళ్లు దీనికి ఎప్పుడో అలవాటు పడ్డారు. సంబంధం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి పిల్ల గుణాలు పొగుడుతూ పిక్కలు గోక్కుంటుంటే, ఇంటివాళ్లు చాయ్ ఇచ్చి మర్యాదగా పంపేసేవాళ్లు. ఓట్లడగడానికి వచ్చేవాళ్లు ఆ గల్లీలో నిలబడి మాట్లాడరు, నడుస్తూనే మాట్లాడతారు. అయితే చీమ ఎంత గడుసుదైనా నీళ్లు దాటలేదు కదా. ఈ కథంతా అక్కడే ఉంది.

వెంకటవ్వ ఇంట్లో ఒక నులక మంచం ఉండేది. దాని నాలుగు కోళ్ల కింద నాలుగు మట్టి మూకుళ్లు, వాటి నిండా నీళ్లు. అది ఆమె తమ్ముడు ఆత్మారాం వస్తే కూర్చునే మంచం. వాణ్ని కని మూడోనాడు తల్లి పోతే, పదిహేడేళ్ల వెంకటవ్వ ఆ పసిగుడ్డును చంకనేసుకుని అత్తగారింటికి వచ్చింది. తనకు పిల్లలు పుట్టలేదు. పుట్టలేదన్న బాధ కూడా పెద్దగా పడలేదు, వాడున్నాడుగా. మీసాలొచ్చిన దగ్గర్నుంచి చీమలు ఆత్మారాంను వదిలేవి కావు. అన్నం ముందు కూర్చుని "అక్కా, నీ చేతి పప్పు రుచి ఏడ దొరుకది" అన్నాడంటే మోకాళ్ల దాకా ఎక్కేవి. "వాని రక్తం తీపి, ఏం జేస్తం" అని వెంకటవ్వ మంచం కోళ్ల కింద మూకుళ్లు పెట్టింది. గల్లీలో ఎవరి మీద చీమ పాకినా దాని అర్థం ఆమెకు తెలుసు, తన తమ్ముడి మీద పాకితే మాత్రం అది రక్తంలో తీపి. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆమె మొహం చూసి ఆ మాట కాదనడానికి గల్లీలో ఎవరికీ నోరు రాలేదు.

వెంకటవ్వకు నడుము పట్టేసి వంగడం కష్టమైన దగ్గర్నుంచి మూకుళ్లలో నీళ్లు పోసే పని రుక్మాబాయి తీసుకుంది. రోజూ చాట లోపల పెట్టాక చెంబుతో వచ్చి, వంగి, నాలుగూ నింపి, మారుమాట లేకుండా వెళ్లిపోయేది.

పంతొమ్మిది వందల అరవై ఏడులో గోదావరికి పుష్కరాలు వచ్చాయి. వెనకటి పుష్కరాలప్పుడు రుక్మాబాయి మొగుడు మంచంలో ఉన్నాడు, అందుకని ఇద్దరూ కదల్లేదు. ఆయన ఆ నెలలోనే పోయాడు. గోదావరి నీళ్లు గొంతులో పోయలేకపోయానన్న బాధ రుక్మాబాయికి పన్నెండేళ్లుగా అట్లాగే ఉంది. ఈసారి కందకుర్తికి పోయి, మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట మునిగి, ఆయన పేరు మీద నీళ్లు వదలాలని ఇద్దరూ అనుకున్నారు.

"మల్ల పన్నెండేండ్లకు మనముంటమా ఎంకటక్క?" అంది రుక్మాబాయి.

"ఉన్నా నడుస్తమా?" అంది వెంకటవ్వ.

అంతలో డప్పు చాటింపు వచ్చింది. ఏటి అవతలి ఒడ్డున గత్తర సోకింది, కలరా సూది వేయించుకుని ముద్ర కొట్టిన చీటీ చేతిలో ఉంటేనే కందకుర్తి బస్సు ఎక్కనిస్తారు. చావడి దగ్గర టెంటు వేశారు. దాని వెనకే నిజామాబాద్ కంఠేశ్వర్ నుంచి విమలమ్మ అనే నర్సు గల్లీ గల్లీకీ తిరుగుతూ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది, చేతిలో గొడుగు. నవ్వడం ఆమెకు పెద్దగా చేతకాదు.

"సూదంటె ఏమైతదమ్మా?" అని అడిగారు అరుగు మీది ముసలివాళ్లు.

"నొప్పి పుడ్తది" అంది విమలమ్మ. "రాత్రికి జొరమొస్తది. చెయ్యి రెండు దినాలు లేవది. గంత జేసినా గత్తర అసలే రాదని నేను చెప్పలేను. రాకుండ ఉండే మోకా ఎక్కువ. వచ్చినా పానం దక్కే మోకా ఎక్కువ. నాలుగు వారాలల్ల రెండోసారి గూడ పొడిపించుకోవాలె. నీళ్లు కాచి తాగాలె."

వెంకటవ్వకు నవ్వాగలేదు. "మంచిగ సెప్పినవు బిడ్డా! గిట్ల సెప్తె సంతల వంకాయలు గూడ అమ్ముడువోవు."

పక్కింటి నర్సింలుకు డెబ్బై దాటాయి. "కాటికి కాళ్లు సాపినోనికి సూదెందుకమ్మా? గా మందు పిలగాండ్లకు పొడువుండ్రి, పనికొస్తది" అన్నాడు. ఆయన భార్య ఈరవ్వ, పోచమ్మకు కల్లు సాక పోస్తే చాలు, తల్లి ఊరు దాటించి పంపుతుంది, మధ్యలో సూది పొడిచి ఆమెకు కోపం తెప్పించడం ఎందుకంది. ఎవరికో పోయిన ఏడు సూది పొడిచిన చోట చీము పట్టిందని ఇంకొకరు గుర్తు చేశారు. ఇవన్నీ పైకి చెప్పిన మాటలు. అసలు సంగతి వేరు. ఆ వయసులో చావంటే పెద్ద భయం ఉండదు. రెండు రోజులు చెయ్యి లేవక, బీడీ చుట్టలేక, కోడలి చేత ముద్ద పెట్టించుకోవాలంటే మాత్రం ప్రాణం పోయినంత పనవుతుంది. కోడలు లేని వెంకటవ్వకు ఆ ముద్ద పెట్టేవాళ్లు కూడా లేరు.

విమలమ్మ మాట్లాడుతుండగా ఒక చీమల బారు గోడ దిగి ఆమె చెప్పుల దాకా వచ్చింది. వచ్చి, కాసేపు ఆగి, పక్కకు తిరిగి పోయింది. అది రుక్మాబాయి చూసింది.

"అగ్గబాయి! సూసినవా ఎంకటక్క, ఆమె కాలి కాడిదాంక అచ్చి మర్లిపొయినై" అంది నర్సు వెళ్లాక. రుక్మాబాయి పుట్టిల్లు ధర్మాబాద్ దిక్కు, ఆశ్చర్యం వేస్తే మరాఠీ వచ్చేది. "మనం పొడిపిచ్చుకుందామే."

"జర ఆగు. మా తమ్మున్ని అడిగి సూద్దాం. వాడు టెంటు కాడనే ఉంటుండు, వానికి అంత ఎర్కె."

నిజమే, ఆత్మారాం టెంటు దగ్గరే ఉంటున్నాడు. చెరుకు సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లకు నంబర్లు రాసిచ్చే పని వాడిది. సీజన్ లేనప్పుడు ఊరి పనులన్నీ వాడివే. వచ్చే ఎలక్షన్లలో వార్డు మెంబరుగా నిలబడాలని మనసులో పడింది. కందకుర్తికి ఒక బస్సు మాట్లాడి పెట్టుకున్నాడు, గల్లీలోని ముసలీ ముతకా అందరినీ తానే దగ్గరుండి పుష్కరానికి తీసుకుపోయాడన్న పేరు రావాలి. సూది పేరు చెప్పేసరికి వాళ్లంతా వెనక్కి తగ్గారు. టెంటులో లైను సర్దే సాయానికి చేరిన ఆత్మారాం, ముద్ర పెట్టే బల్ల దగ్గర ఎవరూ లేని సమయం చూసి, ఒక చీటీల కట్ట మీద తానే ముద్ర కొట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వాడొచ్చాడు. గడప దాటి నేరుగా మంచం మీద కూర్చుని కాళ్లు పైకి ముడుచుకున్నాడు. ఎడమ చేతిని ఒంటికి ఆనించుకుని కదలనివ్వకుండా ఉన్నాడు.

"అక్కా, నా బొందిల పానముండంగ నీ ఒంటికి సూది తాకనిస్తనా?" అన్నాడు. "గవి ఉత్త నీళ్లక్కా. పైనోళ్లకు సూపెట్టనీకి పొడుస్తుండ్రు గంతె. పడుసోళ్లు తట్టుకుంటరు, నీ వయసుకు పడది. నాకు తల్లివైనా తండ్రివైనా నువ్వే. నీకేమన్న అయితె నేనుంటనా?" జేబులోంచి ముద్ర కొట్టిన రెండు చీటీలు తీశాడు. "ఇగో, నీకొకటి, రుక్మక్కకొకటి."

వెంకటవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత పనిలో కూడా తనను తలచుకున్నాడని వాడి భుజం మీద చెయ్యి వేసింది. ఆత్మారాం ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"ఏమైంది తమ్మీ?"

"బస్సు తలుపు తలిగిందక్కా. వాసింది."

ఆమె ఊరుకుంటుందా? కొత్త పసుపు కొమ్ము నూరి, నూనెలో వెచ్చచేసి, మోదుగాకులో కట్టి చేతికిచ్చింది. అంగీ విప్పితే తానే రాస్తానంది గానీ వాడు ఇంటికి పోయి రాసుకుంటానని లేచాడు. మంచం మీది నుంచి గడప మీదికి ఒక్క అంగలో దాటి వెళ్లిపోయాడు.

వాడు కూర్చున్నంతసేపూ నాలుగు మూకుళ్ల చుట్టూ నేల నల్లగా కదులుతూనే ఉంది.

"ఇంక సూది మాట తియ్యకు" అంది వెంకటవ్వ, అరుగు మీంచి అంతా చూసిన రుక్మాబాయి చేతిలో చీటీ పెడుతూ. "మా తమ్ముడు గంతసేపు మాట్లాడిండు. వాని మీద ఒక్క చీమన్న ఎక్కిందా, నువ్వే సెప్పు."

రుక్మాబాయి మూకుళ్ల వంక చూసింది. వాటిలో నీళ్లు పొద్దున్నే తాను పోసినవి. తరువాత వెంకటవ్వ మొహం వంక చూసింది. ఆ మొహం అప్పుడు పెళ్లిపందిట్లో కూర్చున్న పిల్ల మొహంలా వెలిగిపోతోంది.

"లేదక్కా" అంది. "ఎక్కలే. మస్తు మంచోడు."

ఆ మాటకు రెండు మూడు చీమలు రుక్మాబాయి పాదం మీదికి పాకాయి. ఆమె చీర అంచు కిందికి లాక్కుని తన చాట సర్దుకుంది.

వెంకటవ్వకు చీటీ దొరికిందని, సూది అక్కర్లేదని తెలిసేసరికి గల్లీలో ముసలివాళ్లంతా ఆత్మారాం చీటీలు తీసుకున్నారు. వాడి అక్కే ఆ చీటీతో పోతుంటే ఇంక అనుమానం ఎవరికి? బస్సు నిండింది. ఏటి ఒడ్డున చీటీలు చూసే మనిషి ముద్రలు చూసి చేయి ఊపాడు. నీళ్లు ఎర్రగా, నురగతో ఉన్నాయి, ఒడ్డు పొడుగునా జనం. ఇద్దరూ కొంగులు ముడేసుకుని మూడు మునకలు మునిగారు. రుక్మాబాయి మొగుడి పేరు చెప్పి దోసిలితో నీళ్లు వదిలి, మూడు దోసిళ్లు తాగింది. వెంకటవ్వా తాగింది. తిరుగు దారిలో రుక్మాబాయి బస్సు కిటికీకి తల ఆనించి, "ఇగ నాకేం అవుసరం లేదు" అని నవ్వింది.

మూడోనాడు తెల్లారేసరికి ఆమెకు వాంతులు, బేదులు. పొద్దెక్కేసరికి కళ్లు గుంటలు పడ్డాయి, వేళ్లు ముడతలు పడ్డాయి. విమలమ్మ సెలైన్ సీసా పట్టుకుని పరుగున వచ్చింది. చీటీ చూసింది. రుక్మాబాయి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది.

"చీటీ మీద సూది ఉన్నది. చెయ్యి మీద లేదు" అంది. సీసా పైకి కట్టి సెలైన్ ఎక్కించసాగింది.

మధ్యాహ్నం వెంకటవ్వ వచ్చి తల దగ్గర కూర్చుంటే, రుక్మాబాయి ఆమె కొంగు పట్టుకుంది. "మూకుళ్లల్ల నీళ్లు… ఇయ్యాల పొయ్యలే అక్కా" అంది. ప్రాణం పోయేవేళ ఇదేం మతి తప్పిన మాట అనుకుని వెంకటవ్వ ఏడ్చింది. పొద్దుగూకకముందే రుక్మాబాయి పోయింది. ఆమె తాగిన నీళ్లే, ఆమె గ్లాసుతోనే తాగిన వెంకటవ్వకు మాత్రం ఏమీ కాలేదు.

తరువాత పదిరోజులూ వెంకటవ్వ చాట ముట్టలేదు. గోడ మీద రెండు మచ్చలూ ఖాళీగా ఉన్నాయి. మూకుళ్ల సంగతి ఆమెకు గుర్తే లేదు. ఎండకు నీళ్లు ఇగిరి, అడుగున పొరలాంటి మట్టి మిగిలి, అది కూడా పగుళ్లు పట్టింది.

పదకొండో రోజు ఆత్మారాం వచ్చాడు. చావునాడు నలుగురితో పాటు వాకిట్లో నిలబడి వెళ్లినవాడు, మళ్లీ ఇప్పుడే రావడం. అలవాటుగా మంచం మీద కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్వకక్కా. రుక్మక్కకు రాసిపెట్టి ఉన్నది. సూది పొడిపిచ్చుకున్నా గదే అవుతుండె. పుష్కరంల మునిగి పోయింది, ఎంత పున్యం! మనకు సూదులెందుకక్కా? నేను పొడిపిచ్చుకున్ననా? నేను మంచిగ లేనా?"

చీమలు వచ్చాయి. గోడ మూలల్లోంచి, చూరులోంచి, తంబాకు డబ్బా వెనక నుంచి. ఎన్నాళ్లుగానో నీళ్ల అంచు దాకా వచ్చి వాసన చూసి తిరిగిపోయిన చీమలు ఈసారి ఎండిన మూకుళ్లలోకి దిగి, మంచం కోళ్లెక్కాయి. నులక మీద పాకి వాడి తొడలెక్కాయి, నడుమెక్కాయి, అంగీలోకి దూరాయి. ఆత్మారాం కొట్టుకున్నాడు, దులుపుకున్నాడు, ఆగలేక లేచి అంగీ విప్పి పారేశాడు.

ఎడమ చెయ్యి పైభాగం ఎర్రగా వాచి ఉంది. దాని మీద ఎండిన పసుపు.

వెంకటవ్వ చూసింది.

"గిదేంది తమ్మీ?"

"చీమ కుట్టిందక్కా. నువ్వు పరేషాన్ గాకు, నీ మొఖం సూస్తె నాకు…"

చీమలు మెడ దాకా పాకాయి.

"గిదేంది అంటున్న."

ఆత్మారాం కుడి చేత్తో వాపును కప్పుకున్నాడు. "సూది" అన్నాడు చివరికి.

చీమలు మెడ దగ్గర ఆగిపోయాయి.

"ఎప్పుడు?"

"మొదటిది నీకు చీటీలిచ్చిన ముందటి దినం. రెండోది నిన్న."

అవి మెల్లగా ఛాతీ మీదికి దిగాయి. ఆ రోజు తాను నూరి, వెచ్చచేసి, ఆకులో కట్టిచ్చిన పసుపు ఏ నొప్పికో వెంకటవ్వకు అప్పుడు అర్థమైంది.

"నీ పెండ్లానికి? పిల్లలకు?"

"అందరికి."

"మరి నాకెందుకు అద్దంటివి?"

వాడు నేల చూస్తూ చెప్పాడు. "నువ్వు జొరమొచ్చి పండుకుంటె బస్సుకు రావు. నువ్వు రాకుంటె గల్లీల ఎవ్వరు రారు. నువ్వు సూది అద్దనుకుంటెనే అందరు నా చీటీ తీస్కుంటరు. అందరు నీ మాట నమ్ముతరక్కా."

చీమలు మోకాళ్ల దాకా దిగాయి. ఇంకా దిగలేదు. ఏదో మిగిలి ఉందని వెంకటవ్వకు తెలిసింది.

"రుక్మ సంగతి సెప్పు."

"రుక్మక్క టెంటు కాడికి వచ్చింది, బస్సు ముందటి దినం. ఒక్కతే. లైన్ల నిలవడ్డది. నేనే పక్కకు పిలిచిన. రుక్మక్కా, నా చీటీ కాదని నువ్వు సూది పొడిపిచ్చుకుంటె, నా మీద నీకు నమ్మకం లేదని అక్కకు తెలుస్తది, అక్క గుండె పల్గుతది అన్న. కొద్దిసేపు నిలవడ్డది. మల్ల ఇంటికి పోయింది."

ఆఖరి చీమ వాడి బొటనవేలు దిగి నేల మీద నడుచుకుంటూ పోయింది.

వెంకటవ్వకు ఏడుపు రాలేదు. మంచం కోడు కింది ఎండిన మూకుడు వంక చూసింది. చచ్చిపోయిన మనిషి అన్నీ తెలిసే రోజూ వంగి వంగి ఆ మూకుళ్లు నింపింది. ఎందుకు నింపిందో ఇప్పుడు తెలిసింది. తన గుండె పగలకూడదని. ఆ గుండెనే అడ్డం పెట్టి వీడు ఆమెను లైనులోంచి తప్పించాడు. తన మీద ఊరికున్న నమ్మకాన్ని గాలానికి ఎరలా గుచ్చాడు. ఈ పెంచిన చేతుల మీదుగానే చీటీ ఇప్పించాడు. ఇన్నేళ్లుగా ఆ మంచం మీద కూర్చుని ఎన్ని మాటలన్నాడు! నీ చేతి పప్పు అన్నాడు, తల్లివన్నాడు. అందులో ఏది నిజమో ఏది కాదో ఇప్పుడు ఏరుకోవడానికి కూడా లేదు. అన్నీ నీళ్ల అవతల నుంచి అన్నవే.

"అంగీ తొడుక్కో తమ్మీ" అంది. "పో."

మర్నాడు పొద్దున్నే ఆమె నర్సింలును పిలిచి మంచాన్ని గల్లీ మధ్యకు మోయించింది. కోళ్లు ఉత్త నేల మీద ఆన్చింది. విమలమ్మను తీసుకొచ్చి దాని మీద కూర్చోబెట్టింది. అప్పటికి గత్తర పక్క గల్లీ దాకా వచ్చింది. ముసలివాళ్లంతా గుమిగూడారు.

"మొన్న సెప్పినవు జూడు బిడ్డా, గదే మల్ల సెప్పు" అంది వెంకటవ్వ.

విమలమ్మ మళ్లీ చెప్పింది. నొప్పి పుడ్తది. జొరమొస్తది. చెయ్యి లేవది. గత్తర అసలే రాదని చెప్పలేను. ఒక్క మాటా మార్చలేదు, ఒక్క మాటా తగ్గించలేదు. ఈసారి ఎవరూ ఆమె మొహం చూడలేదు. అందరి కళ్లూ మంచం కోళ్ల మీదే ఉన్నాయి. ఒక బారు వచ్చింది, ముందరి కోడు చుట్టూ తిరిగింది, పైకి ఎక్కకుండానే కాలువ వైపు పోయింది.

వెంకటవ్వ రవిక చెయ్యి పైకి మడిచింది. "నా మాట మీద రుక్మ పోయింది" అంది అందరూ వినేట్టు. "ఇగ నా మాట నమ్మకుండ్రి. మీ కండ్లతోని సూసిండ్రు గద, గది నమ్ముండ్రి."

నొప్పి పుట్టింది. జ్వరం వచ్చింది. చెయ్యి రెండు రోజులు లేవలేదు. ఈరవ్వ, పోచమ్మకు సాక పోసి, తన చేతికీ సూది వేయించుకుని, ఆ వాచిన చేత్తోనే వచ్చి వెంకటవ్వకు జొన్న గట్క తినిపించింది. కాటికి కాళ్లు చాపిన నర్సింలు కూడా కాళ్లు ముడుచుకుని లైనులో నిలబడ్డాడు. గత్తర ఆ గల్లీలోకి వచ్చి రెండు మూడు ఇళ్లలో మనుషులను మంచం పట్టించి పోయింది గానీ ప్రాణం తియ్యలేకపోయింది. ఆ ఏడు ఆ గల్లీ నుంచి పోయింది రుక్మాబాయి ఒక్కతే.

ఆత్మారాం ఎలక్షన్లలో నిలబడలేదు. ఎవరూ వద్దనలేదు, వాడే ఆ మాట ఎత్తలేదు. చెరుకు బండ్లు మళ్లీ రావడం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అక్క ఇంటి ముందు నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. వెంకటవ్వ తన మచ్చకు వీపు ఆనించి బీడీలు చుడుతోంది. పక్క మచ్చ ఖాళీగా ఉంది, దాని కింద నాలుగు మూకుళ్లు బోర్లించి ఉన్నాయి.

"అన్నం తిన్నవా?" అంది తలెత్తకుండా.

"తిన్న." కాసేపటికి, "అక్కా, నన్ను మన్నించినవా?" అన్నాడు.

వెంకటవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టి, కొస తెంపింది. ఎత్తి పెంచిన బిడ్డ. ఎండలో నిలబడి అడుగుతున్నాడు.

"మన్నించిన తమ్మీ" అంది. "నా మనసుల ఏం లేదు."

గోడ మూలలోంచి ఒక బారు కదిలింది. బోర్లించిన మూకుళ్ల పక్క నుంచి నడిచి వచ్చి, చాట అంచు తిరిగి, వెంకటవ్వ పాదం ఎక్కింది. చీలమండ దాటింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఒకరు చూశారని ఇంకొకరికి తెలుసు.

"అక్కా, చీమలు" అన్నాడు ఆత్మారాం చాలా మెల్లగా.

"అవు" అంది వెంకటవ్వ. "నా రక్తం గూడ తీపే ఉన్నట్టున్నది."

ఆత్మారాం గడప ఎక్కలేదు. ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయాడు. ఆమె కాలు దులుపుకోకుండానే ఇంకో ఆకు తీసుకుని, రేకు ముక్క పెట్టి కత్తిరించసాగింది.